వెనక్కి తీసుకున్న సాక్ష్యం

మొన్న ఫిబ్రవరిలో అసిరమ్మ పోయింది. కంచరపాలెంలో మా మందిరం వాళ్ళు జ్ఞాపకార్థ కూటం పెట్టి, సంఘ పెద్దని కాబట్టి నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడి, ఆమె భక్తిపరురాలు, ప్రార్థనాపరురాలు, చదువు రాకపోయినా వాక్యం ప్రకారం నడిచింది అని చెప్పి కూర్చున్నాను. పదిహేనేళ్ళుగా పోయినవాళ్ళందరి గురించీ నేను చెప్పేవి ఆ మాటలే. పెళ్ళాన్ని కొట్టి కొట్టి, తాగి తాగి పోయినవాడి గురించి కూడా ఇంచుమించు అవే చెప్పాను. ఇంటికొచ్చాక నా భార్య భ్రమరాంబ అన్నం వడ్డిస్తూ, "ఆవిడ గురించి చెప్పాల్సింది అది కాదు కదండీ" అంది.

నాకు ఒళ్ళు మండింది. నాలో తప్పున్నప్పుడు ముందు నాకు వచ్చేది కోపమే. సగం అన్నం వదిలేసి లేచిపోయాను. ఆ తర్వాత వారం రోజులు అదే మాట చెవిలో తిరుగుతూ ఉంటే, ఇక పడలేక ఈ కాగితాలు పట్టుకున్నాను.

నా పేరు త్రినాథరావు. రైల్వే స్టోర్సులో గుమస్తాని. బాప్తిస్మం ఇచ్చినప్పుడు స్తెఫను అని పెట్టారు గానీ ఆ పేరు మందిరం గుమ్మం దాటి బయటికి రాలేదు. అసిరమ్మకి రాహేలు అని పెట్టారు. రాహేలమ్మా అని పిలిస్తే ఆమె పలికేది కాదు, పక్కనున్నవాళ్ళు మోచేత్తో పొడవాల్సి వచ్చేది. చివరికి అయ్యగారు కూడా, అంటే మా పాస్టరు గారు, విసుగెత్తి అసిరమ్మా అనేవారు.

ఆమెది ఎలమంచిలి దగ్గర ఒక పల్లె. భర్త సూరన్న. ఇద్దరూ ఊళ్ళో వ్యవసాయం గిట్టక విశాఖపట్నం వచ్చారు. సూరన్నకి పోర్టులో కళాసీ పని దొరికింది. రైలు పెట్టెల్లో వచ్చిన ఇనుప ఖనిజం దింపే చోట అతని పని. అసిరమ్మ తెల్లారకముందే గోపాలపట్నం మార్కెట్టుకి నడిచి వెళ్ళి, కాయగూరలు గంపకెత్తుకుని, మా రైల్వే క్వార్టర్సుల్లో గుమ్మం గుమ్మం తిరిగి అమ్మేది. బేరమాడితే ఒక్క మాట కూడా ఎదురు చెప్పేది కాదు. గంప దించి అలా నిలబడేది, అంతే. మనమే సిగ్గుపడి ఆమె చెప్పిన ధర ఇచ్చేవాళ్ళం.

ఇద్దరు పిల్లలు పుట్టి ఏడాది నిండకుండానే పోయారు. రెండో బిడ్డ పోయినప్పుడు మా మందిరం ఆడవాళ్ళు నలుగురు వెళ్ళి, ఏం మాట్లాడాలో తెలియక ఊరికే పక్కన కూర్చుని వచ్చారు. మూడు రోజులు అలా వెళ్ళి కూర్చున్నారు. నాలుగో వారం అసిరమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని మందిరానికి వచ్చింది. అయ్యగారు అది తన ప్రసంగం వల్లేనని చాలా రోజులు అనుకున్నారు.

డెబ్బై నాలుగులో సూరన్నకి దగ్గు మొదలైంది. ఖనిజం దగ్గర పనిచేసేవాళ్ళకి దగ్గు లేకపోతే ఆశ్చర్యపోవాలి. వాళ్ళ బట్టలు ఎరుపు, గోళ్ళు ఎరుపు, ఉమ్మేసినా ఎరుపే. అందుకే సూరన్న ఉమ్మిలో రక్తం పడుతుంటే నాలుగు నెలలు దాన్ని దుమ్మే అనుకున్నారు. సెలవు పెట్టి పది రోజులు ఇంట్లో ఉన్నా ఎరుపు పోకపోయేసరికి అప్పుడు అసిరమ్మకి భయం పట్టుకుంది. పెద్దాసుపత్రిలో ఛాతీ ఫొటో తీసి క్షయ అన్నారు. రోజూ సూది, పూట పూటకీ మాత్రలు, ఏడాదిన్నర పాటు మానకూడదని చెప్పారు.

మేమూ ఊరుకోలేదు. మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టాం. తల మీద నూనె రాశాం. ఆ మూడు రోజులూ నేను కూడా మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. అందులో నటన లేదు, సూరన్న బతకాలని మనసారా అడిగాను. ఆ మాట ఇక్కడ చెప్పకపోతే మిగతాదంతా చదివి మీరు నన్ను ఇంకోలా అనుకుంటారు.

రెండు నెలలకి సూరన్న తేరుకున్నాడు. జ్వరం పోయింది, అన్నం తినడం మొదలుపెట్టాడు, దగ్గు బాగా తగ్గింది. మందిరం అంతా సంబరపడిపోయింది.

మా మందిరంలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తమకి చేసిన మేలు గురించి ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. ఎవరు లేవాలో చెయ్యి చూపించేవాణ్ణి నేనే. ఎవరైనా మాట్లాడుతూ మాట్లాడుతూ అత్తాకోడళ్ళ తగువులోకి దిగిపోతే, గబుక్కున పాట ఎత్తుకుని కూర్చోబెట్టేవాణ్ణీ నేనే. నేను గొంతు సవరించుకుంటే చాలు, కంజీర కొట్టేవాడు సిద్ధమైపోయేవాడు. ఆ పని నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఆఫీసులో నేను చెయ్యెత్తితే లేచేవాళ్ళు ఒక్కరూ లేరు మరి.

ఆ ఆదివారం నేను అసిరమ్మ వైపు చెయ్యి చూపించాను. ఆమె వెంటనే లేవలేదు. అంతకు ముందు రోజు నాతో, "అన్నయ్యగోరూ, ఇంకా సూదులు పొడుత్తన్నారు గదా, అయిపోనాక సెప్తాను" అంది. "తగ్గాక చెప్తే అది విశ్వాసం ఎలా అవుతాదమ్మా? ముందే చెప్పాలి. చెప్పేస్తే దేవుడు నెరవేరుస్తాడు" అన్నాను. అది నేను కనిపెట్టిన మాట కాదు. ఎక్కడో కూటాల్లో విన్నాను, నచ్చింది, నాదిగా వాడుకున్నాను. అసిరమ్మ లేచి, "నా పెనిమిటికి దేవుడు రోగం తీసీసినాడు. బాగుపడిపోనాడు" అని రెండు ముక్కలు చెప్పి కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. సూరన్న మగవాళ్ళ వైపు కూర్చుని సిగ్గుపడుతూ నవ్వాడు.

రెండు వారాల తర్వాత ఒక పొద్దున్న ఆఫీసుకి వెళ్తుంటే దారిలో మొగుడూ పెళ్ళాలిద్దరూ ఎదురయ్యారు. ఆమె చేతిలో ఆస్పత్రి చీటీ ఉంది. నేను సైకిలు ఆపి, "ఇంకా సూదులేటమ్మా? సాక్ష్యం చెప్పేసావు కదా" అన్నాను.

ఒట్టు, వెటకారంగా అనలేదు. మామూలుగా, నవ్వుతూనే అన్నాను. అని సైకిలెక్కి వెళ్ళిపోయాను. మధ్యాహ్నానికి మరిచిపోయాను కూడా. అసిరమ్మ మరిచిపోలేదు. తను మందిరంలో చెప్పింది నిజమైతే ఆ చీటీ అబద్ధం, చీటీ నిజమైతే తను చెప్పింది అబద్ధం. దేవుడి ముందు అబద్ధం ఆడిందాన్ని అవుతానేమోనని ఆమెకి వణుకు పుట్టింది. మర్నాటి నుంచి ఆస్పత్రికి వెళ్ళడం మానేశారు. మాత్రలు ఉట్టి మీద పెట్టేశారు.

ఏడాది తిరక్కుండా రోగం తిరగబెట్టింది. ఈసారి సూదులు పనిచేయలేదు. డెబ్బై ఆరులో వానలు పడుతుండగా సూరన్న పోయాడు. సమాధి దగ్గర మేం హడావిడిగా రెండు పాటలు పాడి వచ్చేశాం. బాగుపడ్డాడని చప్పట్లు కొట్టిన మనిషిని పూడ్చిపెట్టేటప్పుడు ఏం మాట్లాడాలో మాకెవరికీ తెలియలేదు. విశ్వాసం చాలలేదని కొందరు అన్నారు. ఇంట్లో దాచిన పాపమేదో ఉంటుందని ఇంకొందరు అన్నారు. ఆ మాటలు నా చెవిన పడ్డాయి. ఖండించలేదు. వాళ్ళు అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

నెల తిరిగాక అసిరమ్మ మా ఇంటికి వచ్చింది. గంప గుమ్మం బయట దించి, లోపలికి రాకుండా అక్కడే నిలబడింది.

"అన్నయ్యగోరూ, ఆ సాక్ష్యం ఎనక్కి తీసుకుంతాను. వొచ్చే ఆదివారం నాకు సెయ్యి సూపించండి."

"సాక్ష్యం వెనక్కి తీసుకోవడమేటమ్మా? బజార్లో కొన్న గుడ్డా, నచ్చలేదని తిరిగిచ్చెయ్యడానికి?"

"అది అబద్దం గదా."

"కొత్తగా వచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు అభ్యంతరపడతారు. దేవుడి నామానికి అవమానం."

"నాను అబద్దం ఆడితే దేవుడికి అవమానం కాదేటి?"

ఆఫీసుకి టైమవుతోందని లోపలికి వెళ్ళిపోయాను. ఆమె చాలాసేపు నిలబడి, గంప నెత్తికెత్తుకుని వెళ్ళింది. ఎత్తుకోవడానికి చెయ్యి సాయం పట్టింది భ్రమరాంబే.

ఆ తర్వాత అయిదేళ్ళు అసిరమ్మ ఒక్క ఆదివారం కూడా మానలేదు. వచ్చి గుమ్మం దగ్గర చివరి చాప మీద కూర్చునేది. సాక్ష్యాల సమయం రాగానే తలెత్తి నా చేతి వైపు చూసేది. నేను ఆ వైపు తప్ప అన్ని వైపులా చూపించేవాణ్ణి. అందరూ ప్రార్థన చేస్తుంటే ఆమె మోకాళ్ళ మీద ఉండేది గానీ పెదవులు కదిలేవి కాదు. పాట కూడా పాడేది కాదు. ఒకసారి భ్రమరాంబ అడిగితే, "నోరు రాదు వదినా. నాను సూరన్న కోసం ఏడుద్దామని మోకాళ్ళూనితే, బాగుపడ్డాడని సెప్పినావు గదే అని నాలోపలే ఎవులో అడుగుతారు" అందట.

ఇంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆమె సాక్ష్యాన్ని నేను చుట్టుపక్కల కూటాల్లో వాడుకుంటూనే ఉన్నాను. మా మందిరంలో ఒక కళాసీకి క్షయ వచ్చిందీ, ప్రార్థన చేస్తే రెండు నెలల్లో లేచి తిరిగాడూ అని చెప్పి అక్కడ ఆపేసేవాణ్ణి. జనానికి బాగా నచ్చేది. ఒకసారి గోపాలపట్నంలో ఎవరింటి ముందో కూటం పెడితే అక్కడా అదే చెప్పాను. చెప్పి దిగుతుంటే జనం వెనక కాయగూరల గంప పక్కన అసిరమ్మ కనిపించింది. నాలుగు తిట్లు తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"మీరు సెప్తన్నంతసేపూ సూరన్న బతికే ఉన్నాడనిపించినాది అన్నయ్యగోరూ" అంది. "ఇంటికెల్తే మనిసి నేడు."

ఆ కథ చెప్పడం ఆ రోజుతో మానేశాను. మానేసినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఆమెకి మాత్రం చెయ్యి చూపించలేదు.

ఈలోగా ఆమె ఇంకో పని మొదలుపెట్టింది. పొద్దున్న గంపలో సగం అమ్ముడయ్యాక ఆస్పత్రికి వెళ్ళి, సూదుల వరుస దగ్గర వరండాలో కూర్చునేది. ఎవరూ తోడులేనివాళ్ళ పక్కన కూర్చునేది. రెండు నెలలకి కాస్త తేరుకుని, ఇక రానని మొరాయించే వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. అందులో మా విశ్వాసులు తక్కువ. ఎక్కువమంది పోర్టు కళాసీలు, జాలరిపేట వాళ్ళు. వాళ్ళకి దేవుడి మాట చెప్తావా అని అయ్యగారు అడిగితే, "సెప్పను బాబూ. సూది పొడిసినపుడు సెయ్యి పట్టుకుంతాను" అంది. ఆ జవాబు అయ్యగారికి చాల్లేదు.

ఆమె ముఖం ఎప్పుడూ అలసిపోయి ఉండేది. ఆదివారం చాప మీద కూర్చున్నప్పుడు తల గోడకి ఆన్చి కళ్ళు మూసుకునేది. నిద్రపోతోందని పిల్లలు నవ్వేవాళ్ళు. నిద్ర కాదు. బయట దుఃఖం, లోపల భయం, రెండూ మోసి మోసి అలా అయిపోయింది. అయినా వచ్చేది. నేనైతే ఎప్పుడో మానేసి ఉందును.

ఎనభై ఒకటిలో భ్రమరాంబకి దగ్గు మొదలైంది. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. ఫొటో తీయిస్తే ఎడమవైపు మచ్చ ఉంది. అదే రోగం, అవే సూదులు, అదే ఏడాదిన్నర. నాకు ఆఫీసు. రోజూ ఆస్పత్రికి తీసుకెళ్ళేవాళ్ళెవరు? నేను అడగకుండానే అసిరమ్మ మా గుమ్మంలోకి వచ్చి, "రండి వదినా" అంది. రెండు నెలలు ఒక్క రోజు కూడా తప్పకుండా తీసుకెళ్ళి తీసుకొచ్చింది. నేను ఆ టైముకి ఇంట్లో లేకుండా చూసుకునేవాణ్ణి.

మందిరంలో మళ్ళీ ఉపవాస ప్రార్థన. రెండు నెలలకి భ్రమరాంబ కూడా తేరుకుంది. అయ్యగారు పొంగిపోయి, "పెద్దగారి ఇంట్లోనే అద్భుతం! ఈ ఆదివారం అమ్మగారు సాక్ష్యం చెప్పాలి" అన్నారు. నేను సరేనన్నాను. నమ్మి అన్నానో, సంఘంలో నా పెద్దరికం కోసం అన్నానో ఈ రోజుకీ నాకు తెలియదు. సూరన్న జ్ఞాపకం రాలేదా అంటే వచ్చాడు. తోసేశాను.

శనివారం పొద్దున్న భ్రమరాంబ కాఫీ గ్లాసు నా చేతికిస్తూ అడిగింది.

"సాక్ష్యం చెప్పాక సోమవారం సూదికి వెళ్ళొచ్చా, మానెయ్యాలా?"

నేను గ్లాసులోకి చూస్తూ, "చూద్దాం" అన్నాను.

పెళ్ళయి పంతొమ్మిదేళ్ళయింది. నా "చూద్దాం" అంటే ఏమిటో ఆమెకి తెలుసు.

ఆదివారం పాటలయ్యాయి. నేను లేచి ఆడవాళ్ళ వైపు చెయ్యి చూపించి, భ్రమరాంబ పేరు చెప్పాను. ఆమె లేచి కొంగు సర్దుకుంది. ఆమె ముఖంలో రక్తం లేదు. నోరు తెరిచేలోగా వెనక నుంచి మాట వినపడింది.

"వదినా, ఒక్క నిముసం కూకోండి."

గుమ్మం దగ్గర చాప మీంచి అసిరమ్మ లేచింది. నేను చెయ్యి చూపించకుండా మా మందిరంలో ఎవరైనా లేవడం అదే మొదటిసారి. అలవాటు కొద్దీ నేను గొంతు సవరించుకున్నాను. కంజీర కొట్టేవాడు కంజీర పైకెత్తి నా పాట కోసం నా ముఖంలోకి చూశాడు. ఒక్క పల్లవి ఎత్తుకుంటే చాలు, ఆమె మాట అందులో కొట్టుకుపోయేది. నా నోట్లో పాట సిద్ధంగా ఉంది. ఎదురుగా భ్రమరాంబ నన్నే చూస్తోంది. ఆమె సూది నా నాలుక మీద ఉందని నాకు అప్పుడు తెలిసింది. నోరు మూసుకుని కూర్చున్నాను. నా జన్మలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదే, నోరు మూసుకోవడం.

అసిరమ్మ గట్టిగా మాట్లాడలేదు. అందరూ వెనక్కి తిరిగి వినాల్సి వచ్చింది.

"ఆరేళ్ళ కితం నాను ఇక్కడే నిలబడి, నా పెనిమిటికి రోగం తగ్గిపోనాదని సెప్పినాను. తగ్గిపోనేదు, తగ్గుతన్నాది. తగ్గిపోనాదని సెప్పీసినాక మరి సూదులకెల్లడానికి బయమేసినాది. నానే మానిపించీసినాను. సచ్చిపోనాడు. ఆ సాక్ష్యం ఎనక్కి తీసుకుంతన్నాను."

అయ్యగారు ఏదో అనబోయారు. అసిరమ్మ చేతులు జోడించింది.

"ఒక్క ముక్క బాబూ. దేవుడి మీద పిర్యాదుకి లెగనేదు. అబద్దం నాది. ఎల్లిపోదామని సాలాసార్లు అనుకున్నాను, ఎక్కడికెల్తాను? యేసయ్యని సిలువ మీంచి ఎవులూ దింపనేదు. ఆయనకీ తగ్గనేదు. తగ్గనోళ్ళ పక్కన ఆయన కూకుంతాడని ఆ ఆస్పత్రి వరండాలో నాకు తెలిసినాది. బాగుపడిపోనాదని సెప్పడానికి నా కాడ ఏటీ నేదు. ఆయన నన్ను వొగ్గీసి ఎల్లిపోనేదు, అది సెప్పగలను. వదినా, మీరు రేపు సూదికి రావాల. తొమ్మిదింటికి వస్తాను."

భ్రమరాంబ కూర్చోలేదు. "నాకింకా తగ్గలేదు" అంది. "మచ్చ ఉంది. నాకు భయంగా కూడా ఉంది. నా కోసం ప్రార్థన చెయ్యండి." అప్పుడు కూర్చుంది. మగవాళ్ళ వైపు ముందు వరుసలో ఉన్న గురువులు అనే తాత, నిరుడు తన మోకాలి నొప్పి పోయిందని సాక్ష్యం చెప్పి గెంతి చూపించినవాడు, తలొంచుకుని, "నాకూ పోనేదు బాబూ" అన్నాడు. ఇంకో రోజైతే నవ్వేవాళ్ళం. ఎవరూ నవ్వలేదు.

అయ్యగారు ముసలాయన. తెరిచిన పుస్తకం మూసేశారు. ఆయనకి కోపం వచ్చిందో, బాధ కలిగిందో చెప్పలేను. ప్రసంగం మానేసి, "మోకాళ్ళూనండి" అని మాత్రం అన్నారు.

అందరం మోకాళ్ళ మీదకి వంగాం. మామూలుగా అయితే ప్రార్థన మొదలెట్టేవాణ్ణి నేను. ఆ రోజు నాకు ఒక్క మాటా రాలేదు. గుమ్మం వైపు నుంచి అసిరమ్మ గొంతు వినపడింది. అయిదేళ్ళుగా ఆ గొంతు ప్రార్థనలో మేమెవరం వినలేదు.

"ప్రభువా" అంది. "ప్రభువా, నా సూరన్న సచ్చిపోనాడు."

ఆయనకి ఇంకా ఎవరూ చెప్పలేదన్నట్టు చెప్పింది. చెప్పి ఏడ్చింది. భ్రమరాంబ మోకాళ్ళ మీదే జరుగుతూ వెళ్ళి ఆమెని పట్టుకుంది. సూరన్న పోయిన అయిదేళ్ళకి, మా మందిరం అతని కోసం ఏడ్చింది ఆ రోజే.